పాత ఆటల పరకాయ ప్రవేశం

గేమ్‌బాయ్‌ పెట్టె ఎప్పుడో మూలన పడింది. దాని ఆటలు మాత్రం ఇప్పటికీ ఫోన్లలో ఆడుతూనే ఉన్నాయి. ఒక యంత్రం కోసం పుట్టిన ఆట మరో యంత్రం ఒంట్లో ఎలా దూరుతోంది? అలా దూర్చింది ఎవరు? అందుకు వాళ్లు పడిన తిప్పలేంటి?

గిద్దలూరులో బస్సెక్కి కొమరోలులో దిగేలోపు పక్కసీట్లో ఫోను పట్టుకున్న కుర్రాడు కనపడకుండా ఉండడు. ఏ క్రికెట్టో, కాల్పుల ఆటో ఆడుతున్నాడనుకుని తొంగిచూస్తే ఒక్కోసారి ఆశ్చర్యపోవాల్సి వస్తుంది. గళ్లు గళ్లుగా కనిపించే బొమ్మలు, కీచుమనే సంగీతం, తెర మీదే గీసిన నాలుగు బాణం గుర్తులు, పక్కన ‘ఎ’, ‘బి’ అని రెండు మీటలు! జపాన్‌ కంపెనీ నింటెండో 2001లో తెచ్చిన ‘గేమ్‌బాయ్‌ అడ్వాన్స్‌’ అనే చేతి ఆటపెట్టె కోసం రాసిన ఆట అది. ఆ పెట్టెను ఆ కుర్రాడు జన్మలో ముట్టుకుని ఉండడు. వాళ్ల నాన్నకైనా తెలిసిందల్లా తిరునాళ్లలో కొన్న బ్రిక్‌గేమూ, నోకియా ఫోన్లో పామూ... అంతే.

మరి పెట్టె లేకుండా ఆట ఎలా వచ్చింది? ఫోను ఆ పెట్టెలా నటిస్తోంది కాబట్టి! మన కథల్లో రాజుగారు తన ఒంటిని చెట్టు కింద వదిలేసి చిలుక ఒంట్లో దూరతాడు చూడండి... ఇదీ అలాంటిదే. ఆ విద్య తెలిసిన ప్రోగ్రామును ఎమ్యులేటర్‌ అంటారు. ఆట మాత్రం తాను 2001 నాటి పెట్టెలోనే ఉన్నాననుకుంటుంది. మీట నొక్కారా అని అడుగుతుంది, బొమ్మ గీయమంటుంది, సంగీతం వాయించమంటుంది. అడిగినవన్నీ అడిగినట్టే, అడిగిన క్షణానికే అందించడం ఎమ్యులేటర్‌ పని. ఒక్క క్షణం అటూ ఇటూ అయినా ఆటకు అనుమానం వస్తుంది.

ఒకే వంశం... అయినా కుదరదు!

ఇందులో ఒక తమాషా ఉంది. గేమ్‌బాయ్‌ అడ్వాన్స్‌ గుండెకాయ ‘ఆర్మ్‌7టీడీఎంఐ’ అనే ప్రాసెసర్‌. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఏకార్న్‌ అనే కంపెనీలో సోఫీ విల్సన్‌, స్టీవ్‌ ఫర్బర్‌ కలిసి రూపొందించిన తొలి ఆర్మ్‌ చిప్పు 1985 ఏప్రిల్‌ 26న పనిచేయడం మొదలుపెట్టింది. తక్కువ కరెంటుతో బతకడం దాని పెద్ద గుణం. బ్యాటరీతో నడిచే వస్తువులకు అంతకంటే కావాల్సిందేముంది! 1997లో వచ్చిన నోకియా 6110లోనూ ఆర్మ్‌7 చిప్పే. పాము ఆటతో వచ్చిన ఫోన్‌ అది. అంటే నాన్నతరం ఫోనూ, జపాన్‌ పిల్లల ఆటపెట్టే ఒక ఇంటి బిడ్డలే అన్నమాట. ఇప్పుడు బస్సులో కుర్రాడి చేతిలో ఉన్న ఫోన్‌లోని చిప్పూ దాదాపుగా ఆ వంశానిదే.

వంశం ఒకటే అయినప్పుడు ఇక నటించడమెందుకు... ఆటను నేరుగా ఫోన్లో పెట్టి నడిపేయొచ్చుగా! ఎవరికైనా వచ్చే అనుమానమే. ఈ రంగంలోకి కొత్తగా దిగినవాళ్లూ మొదట అలాగే అనుకుంటారు.

కుదరదు. ఎందుకంటే... మార్కాపురం పలక తెలుసు కదా. బళ్లో ప్రతి పిల్లాడికీ తన పలక తనదే. ఎక్కడైనా రాసుకోవచ్చు, చెరిపేసుకోవచ్చు. గేమ్‌బాయ్‌లో ఆట అలాంటి పిల్లాడు. జ్ఞాపకశక్తి మొత్తం తనదే. ‘ఫలానా చిరునామాలో ఈ అంకె వేస్తే తెర మీద ఎర్రచుక్క పడుతుంది’ అని దానికి కంఠతా వచ్చు. నేరుగా వెళ్లి వేసేస్తుంది. ఫోన్‌ అలా కాదు. అది బడిలోని నల్లబల్ల లాంటిది. పది మందికి పది గళ్లు గీసి ఇచ్చారు. ఒకరి గడిలో ఇంకొకరు రాస్తే పంతులుగారు, అంటే ఆపరేటింగ్‌ సిస్టమ్‌, చెవి మెలేసి బయటికి పంపేస్తారు. పాత ఆట తనకు తెలిసిన చిరునామా వెతుక్కుంటూ వెళ్తుంది. ఫోన్లో ఆ చిరునామాలో తెర ఉండదు, ఇంకెవరో కాపురం ఉంటారు!

పైగా వంశంలోనూ తరాలు మారాయి. 2011లో ప్రకటించిన 64 బిట్ల ఆర్మ్‌ భాషలో పాత 32 బిట్ల భాషలోని చాలా పద్ధతులు పోయాయి. కొన్నేళ్లుగా వస్తున్న పెద్ద ఫోన్‌ చిప్పుల్లో కొన్ని పాత భాషను అసలు అర్థమే చేసుకోవు. తాతగారి గ్రాంథికం మనవడికి తెలియనట్టు!

డబ్బింగ్‌ సినిమా లెక్క

అందుకే అనువాదం కావాలి. అందులో రెండు పద్ధతులు. పరభాషా సినిమాకు వెళ్లామనుకోండి. పక్కన భాష తెలిసిన బంధువు కూర్చుని ‘ఇప్పుడు వాడు ఇలా అన్నాడు... ఇప్పుడు ఆమె అలా అంది’ అని చెవిలో చెబుతుంటాడు. అది మొదటి పద్ధతి. ఆటలోని ఒక్కో ఆదేశాన్నీ చదవడం, అర్థం చేసుకోవడం, ఆ పని చేయడం. నమ్మకమైనదే కానీ నత్తనడక. ఒకే ఆదేశం వెయ్యిసార్లు వస్తే వెయ్యిసార్లూ మొదటినుంచీ చెప్పాల్సిందే.

రెండోది డబ్బింగ్‌. ఒక సన్నివేశం మొదటిసారి రాగానే మొత్తాన్ని ఫోన్‌ చిప్పు భాషలోకి మార్చి దాచేస్తారు. మళ్లీ ఆ సన్నివేశం వస్తే దాచినది నడిపేయడమే. వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. చిక్కల్లా ఏంటంటే... కొన్ని ఆటలు నడుస్తూ నడుస్తూ తమ ఆదేశాలను తామే మార్చుకుంటాయి. డబ్బింగ్‌ అయిపోయాక దర్శకుడు సీను మార్చినట్టు! అది పసిగట్టి ఆ ముక్కను మళ్లీ అనువదించాలి. పసిగట్టలేకపోయారా, ఆట మధ్యలో బిగుసుకుపోతుంది.

డబ్బింగ్‌లో అసలు కష్టం మాటలు రాయడం కాదు, పెదాలకు అతికించడం. ఎమ్యులేటర్‌లోనూ అంతే. గేమ్‌బాయ్‌ అడ్వాన్స్‌ గుండె సెకనుకు దాదాపు 1 కోటి 68 లక్షల సార్లు కొట్టుకుంటుంది. తెర మీద బొమ్మను 160 అడ్డగీతలుగా పై నుంచి కిందికి గీస్తుంది. ఒక్కో గీతకు కచ్చితంగా 1,232 గుండెచప్పుళ్లు. 160 గీతలూ అయ్యాక మరో 68 గీతల కాలం విరామం. ఆ కాస్త విరామంలోనే ఆట తర్వాతి బొమ్మకు సామాను సర్దుకుంటుంది. ఇలా సెకనుకు దాదాపు 60 బొమ్మలు. కొన్ని ఆటలైతే బొమ్మ సగం గీస్తుండగా మధ్యలోనే రంగులు మార్చేసి నీళ్ల అడుగున ఉన్నట్టు, మంటలు రేగినట్టు మాయ చేస్తాయి. ఎమ్యులేటర్‌ లెక్క రెండు గీతలు తప్పితే నీళ్లు ఒడ్డెక్కేస్తాయి!

‘ఎక్సోఫేజ్‌’ అనే కుర్రాడి పని

ఈ విద్యలో పేరు తెచ్చుకున్నవాళ్లలో ‘ఎక్సోఫేజ్‌’ అనే మారుపేరుతో రాసే అమెరికన్‌ ప్రోగ్రామర్‌ ఒకరు. 2006లో ఆయన ‘జీపీఎస్‌పీ’ అనే ఎమ్యులేటర్‌ తెచ్చాడు. సోనీ కంపెనీ చేతి ఆటపెట్టె పీఎస్‌పీ మీద గేమ్‌బాయ్‌ అడ్వాన్స్‌ ఆటలు ఆడించడానికి! పీఎస్‌పీలోది ఆర్మ్‌ కాదు, మిప్స్‌ అనే వేరే జాతి చిప్పు. దాని వేగం మహా అయితే 333 మెగాహెర్ట్జ్‌. ఒక్కో ఆదేశాన్నీ చెవిలో చెప్పే పద్ధతి పెడితే ఆట ఎడ్లబండిలా సాగేది. డబ్బింగ్‌ పద్ధతితో పరుగెత్తింది.

ఆయన చేసిన మంచిపని ఇంకొకటుంది. ఆ ప్రోగ్రామును ఎవరైనా చదువుకునేలా, మార్చుకునేలా బహిరంగంగా వదిలేశాడు. ఆ తర్వాత అందులో ఆర్మ్‌ చిప్పుల కోసం అనువాద విభాగం చేరింది. కొరియా కంపెనీ 2005లో తెచ్చిన జీపీ2ఎక్స్‌ అనే లైనక్స్‌ ఆటపెట్టె మీదికి వెళ్లింది. అక్కడి నుంచి ఇంకో ప్రోగ్రామర్‌ చేతుల మీదుగా ఐఫోన్‌కు చేరింది. దాని ఆధారంగా రైలీ టెస్టట్‌ అనే అమెరికా కుర్రాడు బడిలో చదువుకునే వయసులోనే ‘జీబీఏ4ఐఓఎస్‌’ తయారు చేశాడు. పచ్చళ్ల జాడీ ఇంటింటికీ తిరిగినట్టు ఒకరి పని ఇంకొకరి ఇంట్లో రుచి మార్చుకుంటూ వెళ్లింది.  

ఆ తర్వాత ఎక్సోఫేజ్‌ కన్ను నింటెండో డీఎస్‌ మీద పడింది. 2004లో మొదలై 15 కోట్ల 40 లక్షలకు పైగా అమ్ముడుపోయిన పెట్టె అది. రెండు తెరలు. లోపల చిప్పులూ రెండు... రెండూ ఆర్మ్‌వే! ఒకటి 67 మెగాహెర్ట్జ్‌ వేగంతో ఆట నడుపుతుంది. రెండోది అందులో సగం వేగంతో శబ్దం, మీటల సంగతి చూస్తుంది. జోడెద్దుల్లో ఒకటి రెండింతలు వేగంగా నడుస్తుంటే కాడి పక్కకు పోకుండా దున్నడం ఎలాగో ఊహించుకోండి. రెండూ ఒకే జ్ఞాపకశక్తిని పంచుకుంటాయి, ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఒక కబురు ఆలస్యమైతే రెండోది ఎదురుచూస్తూ నిలబడిపోతుంది.

మరో ప్రోగ్రామర్‌తో కలిసి ఆయన చేసిన ఆ ఎమ్యులేటర్‌ పేరు ‘డ్రాస్టిక్‌’. మొదట పాండోరా అనే చేతి కంప్యూటర్‌ మీద నడిచింది. 2013లో ఆండ్రాయిడ్‌ ఫోన్లకు వచ్చింది. అప్పటికి పెద్ద కంప్యూటర్ల మీదే డీఎస్‌ ఆటలు మొరాయిస్తుండేవి. అలాంటిది ఫోన్లో చకచకా నడిచేసరికి జనం నోళ్లు వెళ్లబెట్టారు. వేగం కావాల్సినచోట్ల ఆర్మ్‌ చిప్పు సొంత భాషలోనే చేత్తో రాయడం వల్ల అది సాధ్యమైంది. ఒక్కో ఆదేశాన్నీ కూర్చుకుంటూ రాసే ఆ పని... గింజ గింజ ఏరి బియ్యం బాగుచేయడమే.

ఆటే పట్టేసుకుంది!

ఇంత జాగ్రత్తగా నటించినా ఒక్కోసారి ఆటే దొంగను పట్టేసుకునేది. 2004లో నింటెండో తన 1980ల నాటి టీవీ ఆటలను ‘క్లాసిక్‌ ఎన్‌ఈఎస్‌’ పేరుతో గేమ్‌బాయ్‌ అడ్వాన్స్‌కు మళ్లీ అమ్మింది. వాటిని ఎమ్యులేటర్‌లో పెడితే ఆటకు బదులు ‘క్యాసెట్‌లో లోపం ఉంది’ అనే సందేశం వచ్చేది. కారణం తెలిశాక ప్రోగ్రామర్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అసలైన చిప్పు ఒక ఆదేశాన్ని చేస్తున్నప్పుడే ముందున్న ఒకటి రెండు ఆదేశాలను చదివి నోట్లో పెట్టుకుంటుంది. ఆట కావాలనే ఆ తర్వాతి ఆదేశాన్ని అప్పటికప్పుడు చెరిపి ఇంకోటి రాసేది. నిజమైన చిప్పు అప్పటికే చదివేసింది కాబట్టి పాత ఆదేశమే పాటిస్తుంది. నటించే ఎమ్యులేటర్‌ మాత్రం బుద్ధిగా కొత్తది చదివి దొరికిపోతుంది! అసలు చిప్పుకున్న ఈ అలవాటు కూడా అనుకరిస్తే తప్ప ఆట తలుపు తీయలేదు. ‘ఎంజీబీఏ’ లాంటి ఎమ్యులేటర్లు ఇలాంటి కిటుకులన్నీ ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చాయి.

కొసమెరుపు ఏంటంటే... ఆ క్లాసిక్‌ ఆటలు కూడా లోపల ఎమ్యులేటర్‌తోనే నడుస్తాయి. పాత టీవీ పెట్టెలా గేమ్‌బాయ్‌ను నటింపజేసింది స్వయంగా నింటెండోనే!

చట్టం ఏమంటోంది?

ఇంట్లో పెద్దవాళ్లకు కావాల్సింది ఇదే. ఎమ్యులేటర్‌ వేరు, అందులో ఆడే ఆట కాపీ వేరు. ఒకటి క్యాసెట్‌ ప్లేయర్‌ అయితే రెండోది క్యాసెట్‌ అనుకోండి. సొంతంగా బుర్రపెట్టి ప్లేయర్‌ తయారు చేయడం తప్పు కాదని అమెరికా అప్పీళ్ల కోర్టు 2000లో సోనీకీ, కనెక్టిక్స్‌ అనే కంపెనీకీ నడిచిన కేసులో తేల్చింది. మన 1957 కాపీరైట్‌ చట్టం 52వ సెక్షన్‌ కూడా ఒక ప్రోగ్రాము ఇంకోదానితో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం రాబట్టుకోవడానికి కొంత వీలిచ్చింది. చట్టబద్ధంగా కొన్న ప్రోగ్రాము పాడైపోకుండా నకలు దాచుకోవడానికీ అందులో చోటుంది. కొనని ఆటను ఎక్కడినుంచో దించుకోవడానికి మాత్రం ఏ చోటూ లేదు. పాత ఆటే కదా అంటే కుదరదు. పాతబడినంత మాత్రాన హక్కులు పోవు. వేల ఆటలు నింపి అమ్మే చవక చేతిపెట్టెలదీ అదే కథ. 2024 చివర్లో ఇటలీ పోలీసులు అలాంటివి దాదాపు 12 వేలు పట్టుకున్నారు.

కేసుల సెగ ఎమ్యులేటర్లకూ తగిలింది. నింటెండో స్విచ్‌ ఆటలు ఆడించే ‘యుజు’ మీద ఆ కంపెనీ 2024 ఫిబ్రవరిలో దావా వేసింది. ఆట తాళాలు పగలగొట్టడానికి తోడ్పడుతున్నారన్నది ఆరోపణ. వారం తిరక్కుండానే 24 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని యుజు దుకాణం కట్టేసింది. దాంతోపాటు త్రీడీఎస్‌ ఆటల ‘సిత్ర’ కూడా. ఆ కేసుతో డ్రాస్టిక్‌కు సంబంధం లేదు. అయినా అదే మార్చిలో దాని ధర తీసేసి ఉచితం చేశారు. తర్వాత ప్లేస్టోర్‌ నుంచి తప్పించారు. పదేళ్ల పైచిలుకు కష్టం అలా పక్కకు జరిగింది. విచిత్రంగా ఆ మరుసటి నెలలోనే యాపిల్‌ తన దుకాణంలో పాత ఆటల ఎమ్యులేటర్లకు తలుపు తీసింది. 2024 ఏప్రిల్‌ 17న టెస్టట్‌ తెచ్చిన ‘డెల్టా’ అలా ఐఫోన్లలో అడుగుపెట్టింది. ఒక తలుపు మూస్తే పక్క కిటికీ తెరుచుకుంది!

తప్పొప్పుల సంగతి అలా ఉంచితే ఇందులో ఒక నిజమైన బెంగ ఉంది. పాత గేమ్‌బాయ్‌ క్యాసెట్లలో చాలావాటికి లోపల చిన్న బ్యాటరీ బిళ్ల ఉంటుంది. పిల్లాడు నెలల తరబడి ఆడి దాచుకున్నదంతా దాని దయ మీదే నిలబడుతుంది. బిళ్ల చచ్చిపోయిన రోజున అన్నీ పోతాయి. కొత్తగా కొందామన్నా దొరకవు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో లేవని వీడియో గేమ్‌ హిస్టరీ ఫౌండేషన్‌ 2023లో లెక్కతేల్చింది. త్రీడీఎస్‌ ఆటల ఆన్‌లైన్‌ అమ్మకాలను నింటెండో అదే ఏడాది మార్చిలో ఆపేసింది. నెగెటివ్‌లు పాడైపోయి మాయమైన మన పాత సినిమాల గతి గుర్తొస్తే ఈ లెక్క వెనక నష్టం తెలుస్తుంది. హక్కుదారులు అమ్మరు, దాచరు, ఇంకొకరిని దాచనివ్వరు. ఈ ముడి విప్పేవాళ్లు ఇంకా రావాలి.

మీవాడూ చేయొచ్చు!

ఆడటమే కాదు, చేయడమూ నేర్చుకోవచ్చు. కొమరోలు, గిద్దలూరు, మార్కాపురం వైపు నుంచి బీటెక్‌కు వెళ్లే పిల్లలు ఏటా ప్రాజెక్టు కోసం తలపట్టుకుంటుంటారు. వాళ్లకు ఇది పనికొచ్చే పని. పెద్ద పరికరాలు అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్‌ చాలు. ఆర్మ్‌ చిప్పుతో నడిచే రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఉంటే మరీ మంచిది.

అయితే మొదటే డీఎస్‌ జోలికి వెళితే చేతులు కాలతాయి. 1970ల్లో పుట్టిన ‘చిప్‌-8’తో మొదలుపెట్టడం ఆనవాయితీ. అందులో ఉండేవి 35 ఆదేశాలు, 64 చుక్కల వెడల్పూ 32 చుక్కల ఎత్తూ ఉన్న తెర. వారం పదిరోజుల పని. అది వచ్చాక పాత గేమ్‌బాయ్‌. దానికి 500 దాకా ఆదేశాలుంటాయి. ఆ తర్వాత గేమ్‌బాయ్‌ అడ్వాన్స్‌. దాని లోపలి గుట్టుమట్లన్నీ మార్టిన్‌ కోర్ట్‌ అనే ప్రోగ్రామర్‌ ‘జీబీఏటెక్‌’ పేరుతో విడమరిచి రాసిపెట్టాడు. ఎమ్యులేటర్లు చేసేవాళ్లకు అది పెద్దబాలశిక్ష. పరీక్షించుకోవడానికి దొంగ కాపీలు వెతుక్కోవాల్సిన పనీ లేదు. ఔత్సాహికులు సొంతంగా రాసి ఉచితంగా పంచుతున్న ఆటలు, పరీక్ష ప్రోగ్రాములు బోలెడున్నాయి.

పాత గేమ్‌బాయ్‌ స్విచ్చేయగానే నింటెండో పేరు తెర పై నుంచి మెల్లగా జారుకుంటూ వచ్చి మధ్యలో ఆగి ‘టింగ్‌’మంటుంది. ఆ ముచ్చట నడిపేది లోపలున్న 256 బైట్ల బుల్లి ప్రోగ్రాము. క్యాసెట్‌లో ఉన్న పేరు గుర్తు తన దగ్గరున్నదానితో అచ్చంగా సరిపోలితేనే ఆట మొదలవనిస్తుంది. ఎమ్యులేటర్‌ చేసే కుర్రాడికి మొదట్లో వారాల తరబడి కనిపించేది నల్లటి తెరే. లెక్క తప్పినచోటల్లా దిద్దుకుంటూ పోతే ఒకరోజు రాత్రి ఆ పేరు వంకరటింకరగానైనా పై నుంచి జారుతూ కనిపిస్తుంది. ‘టింగ్‌’ మాత్రం అప్పుడే వినపడదు. శబ్దంతో కుస్తీ మర్నాటి నుంచి మొదలు!